ఊటనీటి తొట్టి

అరుమి అరిటాకు పొట్లం విప్పి, లోపలి ఆల్చిప్పల కూర చూసి, మళ్ళీ మడిచేసింది. మడిచి పళ్ళెం అంచుకు జరిపి, వేయించిన సోయా తెంపే ముక్క నంజుకుంటూ అన్నం తినడం మొదలుపెట్టింది. ఇరోహ్ చూడనట్టే నటించింది గానీ అంతా చూసింది. వడ్డించిన మనిషి కళ్ళు తినేవాళ్ళ పళ్ళెంలో కాక ఇంకెక్కడుంటాయి?

ఇరోహ్ చేతి ఆల్చిప్పల పెపెస్ అంటే ఈ డ్యాము చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. పసుపూ, మిరపకాయలూ, కొబ్బరికోరూ, తులసిలాంటి కెమాంగి ఆకూ కలిపి అరిటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తుంది. వానాకాలంలో మొదటిసారి డ్యాము నీళ్ళు పరీక్షించడానికి వచ్చినప్పుడు ఈ అరుమే రెండు పొట్లాలు ఊడ్చేసి, బాండుంగ్‌లో వాళ్ళమ్మ కోసమని ఇంకోటి సంచిలో పెట్టుకుపోయింది. ఇప్పుడు వేసవి చివర మళ్ళీ వచ్చింది. నోరు మాత్రం మారిపోయినట్టుంది.

"ఏమ్మాయ్, ఉప్పెక్కువైందా?" అంది ఇరోహ్ ఉండబట్టలేక.

"అబ్బే, లేదు పిన్నీ. కడుపులో బాగాలేదు."

"బాగాలేని కడుపులోకి అంత మిరపకాయ పచ్చడి ఎలా దిగుతోందే?"

ఇరోహ్ మొగుడు ఒతాంగ్ పకపకా నవ్వాడు. డ్యాములో అతనికి చేపల వలగూళ్ళున్నాయి. ఈ నాలుగు రోజులూ అరుమినీ ఆమె సామానునీ తన పడవలో తిప్పుతున్నది అతనే. "అన్నం పెట్టి పోలీసులా అడుగుతావేంటే? పొద్దుటినుంచీ ఎండలో మాడిపోయింది పిల్ల, తిననీ."

అరుమి పచ్చి ఆకుల కట్ట వైపు చెయ్యి చాపి ఆగింది. "ఈ తూటికూర ఎక్కడిది పిన్నీ?"

"ఎక్కడిదేంటి, నీళ్ళు తగ్గిన చోట మన మడిదే. ఆ నల్లమట్టికి ఎరువు కూడా అక్కర్లేదు తల్లీ, పుల్ల గుచ్చినా చిగురేస్తుంది."

అరుమి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇరోహ్‌కి ఒళ్ళు మండింది. చదువుకున్నవాళ్ళకి బురద వాసనంటే పడదు కాబోలు, సరే. కానీ తన చిప్పలకి బురద వాసనెక్కడిది? ఇక్కడివాళ్ళందరూ డ్యాము చేపని తినేముందు ఒకటి రెండు రోజులు మంచినీళ్ళలో వదిలి, మేత పెట్టకుండా ఉంచుతారు. చేప కడుపు కడుక్కుంటుంది, బురద కంపు పోతుంది. చిప్పలకి కూడా అంత ఓపిక చేసేది ఇరోహ్ ఒక్కతే. ఇంటి వెనక కొండ ఊట నుంచి వెదురు గొట్టం గుండా నీళ్ళు సిమెంటు తొట్టిలోకి పడుతుంటాయి. ఆ తొట్టిలో బుట్టలు దించి చిప్పల్ని రెండు రాత్రులు ఉంచుతుంది. అవి నోళ్ళు తెరిచి కడుపులో ఉన్న మట్టంతా కక్కేస్తాయి. ఆ మట్టినీళ్ళు వదిలేసి, మళ్ళీ నింపి, మళ్ళీ కక్కిస్తుంది. సంతలో పక్కనామె చిప్పలు ఈగలు ముసురుతుంటే, ఇరోహ్ చిప్పల కోసం ఆడవాళ్ళు ముందే వచ్చి నిలబడతారు.

"వాసన చూడు, కావాలంటే ముక్కు లోపలికి పెట్టి చూడు," అంది. "ఊటనీళ్ళ వాసన తప్ప ఇంకేం రాదు."

"మీ వంట గురించి కాదు పిన్నీ..." అని అరుమి ఏదో చెప్పబోయింది.

అంతలో రెస్తి పొట్ట పట్టుకుని మెల్లగా గడప దాటి వచ్చింది. ఇరోహ్‌కి ఒక్కతే కూతురు, తల్లిని అంబూ అని పిలుస్తుంది. ఏడో నెల నడుస్తోంది. మొగుడు ఎగువన బట్టల మిల్లులో రంగు తొట్ల దగ్గర పని చేస్తాడు, వారానికోసారి నీలం పట్టిన గోళ్ళతో వస్తాడు. రెస్తి గోడకానుకుని కూర్చుని తన గిన్నె తీసుకుంది. అందులో కాతుక్ ఆకు చారు, చారులో అరచేతిలో సగం ఉన్న చిప్పల మాంసం.

"నా గిన్నె చూసి దిష్టి పెట్టకండక్కా," అంది రెస్తి నవ్వుతూ. "రెండుసార్లు నిలవలేదు నాకు. మంత్రసానేమో ఒంట్లో రక్తం లేదంది. ఈసారి నెల తప్పిన దగ్గర్నుంచీ అంబూ రోజూ ఇదే పెడుతోంది. నిలిచింది చూడండి! పుట్టినోడికి చిప్పల పేరే పెట్టాలి."

అరుమి ఆ గిన్నె వైపే చూస్తూ ఉండిపోయింది. అన్నం సగంలోనే చెయ్యి కడుక్కుంది.

*

మర్నాడు పొద్దున్నే ఇరోహ్ నది వచ్చి డ్యాములో కలిసే చోటికి వెళ్ళింది. వేసవిలో నీళ్ళు వెనక్కి పోయి అక్కడ బురద బయటపడుతుంది. నడుముకి తాడు, తాడుకి ప్లాస్టిక్ బేసిను కట్టుకుని నీళ్ళలోకి దిగింది. చిప్పల కోసం కళ్ళతో వెతకరు, పాదాలతో వెతుకుతారు. మెత్తని బురదలో వేళ్ళకి అంచు తగిలితే అక్కడే ఆగి, వంగి, భుజం దాకా చెయ్యి ముంచి పైకి లాగాలి. లాగినదాన్ని ఇంకో చిప్పతో తడితే చచ్చిందో బతికుందో చప్పుడే చెబుతుంది. డొల్ల చప్పుడైతే పారెయ్యడమే.

పక్కింటి ఎంతిన్ అప్పటికే అక్కడుంది. మొగుడు పోయాక ఆమె కూడా చిప్పలేరుతోంది. ఓపిక తక్కువ, నోరు ఎక్కువ.

"ఏంటొదినా, ఇంత లోతుకొచ్చావ్? మునిగితే తియ్యడానికి మీ ఆయన లేడిక్కడ, పట్నం పిల్లని ఊరేగిస్తున్నాడు!"

"నీ నోరు తేలుతుందిగా, అది పట్టుకుని ఒడ్డుకొస్తాలే," అంది ఇరోహ్.

కాసేపటికి ఒతాంగ్ పడవ అటే వచ్చింది. అరుమి చేతులకి మోచేతుల దాకా తొడుగులు. ఇనప దవడల్లాంటి యంత్రాన్ని తాడుతో దించి, అడుగు మట్టిని కరిపించి పైకి లాగింది. పళ్ళెంలో పడ్డ మట్టి నల్లగా, నూనె పూసినట్టు మెరుస్తోంది. దాన్ని చెంచాతో తీసి సీసాల్లో నింపుతోంది. ఇరోహ్ అదే బురదలో రొమ్ముల దాకా దిగి నిలబడి చూస్తోంది.

"ఆ తొడుగులు నాకో జత ఇస్తే రేపు పెళ్ళికూతుర్ని అవుతాను," అంది ఎంతిన్. అరుమి నవ్వలేదు.

పడవ దగ్గరికి రాగానే ఇరోహ్ దాని అంచు పట్టుకుంది. "అమ్మాయ్, ఎందుకు తినలేదో చెప్పు."

"పని ఇంకా పూర్తవలేదు పిన్నీ. అన్నీ అయ్యాక మా ఆఫీసువాళ్ళే ఊళ్ళో ప్రకటిస్తారు. అప్పటిదాకా మేం నోరెత్తకూడదన్నారు మా సారు."

"నేను మీ ఆఫీసు గురించి అడిగానా? నా ఇంట్లో పళ్ళెం గురించి అడుగుతున్నా."

అరుమి ఒతాంగ్ వైపు చూసింది. అతను తెడ్డుకి చుట్టుకున్న నాచు తీయడంలో మునిగిపోయాడు. వలగూళ్ళున్నవాడికి నీళ్ళ గురించి మంచి మాటలే వినాలని ఉంటుంది. పైన గూటిలో కార్పు చేపలు, కింద గూటిలో ముజైర్ చేపలు, పైవాళ్ళు వదిలిన మేత కిందవాళ్ళు తింటారు. ఏడాది బతుకంతా ఆ రెండు అంతస్తుల్లోనే ఉంది అతనికి.

"ఇక్కడ ఏరకండి పిన్నీ," అంది అరుమి గొంతు తగ్గించి. "నది మట్టంతా ఇక్కడే దిగుతుంది. మిల్లుల నుంచీ, పాత బ్యాటరీలు కరిగించే షెడ్ల నుంచీ వచ్చిందంతా..."

"వస్తే రానీ! మట్టిని నేను వండుతున్నానా? నా తొట్టిలో కక్కించేస్తాగా!"

అరుమి బేసినులోంచి ఒక చిప్ప తీసి అటూ ఇటూ తిప్పింది. వీపు మీద గీతల్ని బొటనవేలితో తడుముకుంటూ, "ఇది చాలా పాతది. ఏళ్ళు పట్టి ఉంటుంది ఇంతవడానికి," అంది. "ఇలాంటివి ఎవరికమ్ముతారు?"

"అమ్ముతానా! పిచ్చిదానా, చిన్నవి సంతకి. ఇలా పెద్దవి దొరికితే ఇంటికి. ఇంకెందుకు ఇంత లోతుకి దిగుతున్నాననుకున్నావ్? అన్నీ రెస్తికే."

అరుమి చిప్పని బేసినులో పెట్టింది. పెట్టిన చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత పక్కకి తిరిగి, పోదాం అన్నట్టు ఒతాంగ్‌కి సైగ చేసింది. నచ్చనిది ఏం మాట్లాడానా అని ఇరోహ్ నీళ్ళలో నిలబడి ఆలోచించింది. ఏమీ తట్టక మళ్ళీ వంగింది.

*

రెస్తికి ఏడో నెల స్నానం ఆ మర్నాడే. ఏడు ఊటల నీళ్ళు తెచ్చి, ఏడు బాతిక్ చీరలు ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ వాకిట్లో తలంటారు. కాన్పు జారినట్టు జరగాలని ఒతాంగ్ పొలంలో పట్టిన మలుగుచేపని పొట్ట మీద నుంచి జారవిడిచారు. అది జారి ఎంతిన్ కాళ్ళ మధ్యకి వస్తే ఆమె గెంతిన గెంతుకి ఊరంతా విరగబడి నవ్వింది. రెస్తి కూడా తడిబట్టల్లో వణుకుతూ, పొట్ట పట్టుకుని నవ్వింది. కూతురు అంత నవ్వడం చూసి ఇరోహ్‌కి కళ్ళు చెమర్చాయి. ఇంత సంతోషం ఈ వాకిలికి వచ్చి చాలా కాలమైంది.

ఆచారం ప్రకారం వచ్చినవాళ్ళు పెంకుముక్కలు డబ్బుగా ఇచ్చి, కారం కలిపిన పుల్లటి పళ్ళముక్కల రుజక్ కొనుక్కుని తింటున్నారు. చిప్పలు వండుదామని ఇరోహ్ ఇంటి వెనక తొట్టి దగ్గరికి వెళ్ళింది. వెనకాలే అరుమి వచ్చింది.

"పిన్నీ, వండకండి."

"మళ్ళీ మొదలెట్టావా?"

"వానాకాలంలో మీరు నాకిచ్చిన పొట్లం అమ్మకివ్వలేదు నేను. పరీక్షకిచ్చాను. నేను తిన్నదాంట్లో ఏముందో చూద్దామనిపించింది, ఊరికే సరదాకి." అరుమి తొట్టిలోని చిప్పల వైపు చూపించింది. "సీసం ఉంది, కాడ్మియం ఉంది. తినకూడనంత ఉంది. బురదలోంచి అప్పుడే తీసిన చిప్పల్లో ఎంతుందో, మీ తొట్టిలో కడిగినవాటిలోనూ అంతే ఉంది."

ఇరోహ్ చేతిలో బుట్ట అలాగే ఉంది. వెదురు గొట్టంలోంచి నీళ్ళు చల్లగా పడుతున్నాయి. "రెండు రాత్రులు చాలవంటావా? వారం ఉంచుతా."

"వారం కాదు పిన్నీ, నెల ఉంచినా పోదు. మట్టి కడుపులో ఉంటుంది, అందుకే కక్కేస్తుంది. ఇది మాంసంలోకి వెళ్ళిపోతుంది. చిప్ప బతికినన్నాళ్ళూ పోగవుతూనే ఉంటుంది."

"మరిగించి ఆ నీళ్ళు పారబోస్తే?"

"పోదు."

"చింతపండేసి ఉడికిస్తే? గిన్నెల చిలుమే వదిలిస్తుంది కదా!"

అరుమి తల అడ్డంగా ఊపింది. ఇరోహ్ తొట్టిలోకి చూసింది. చిప్పలు నోళ్ళు కాస్త తెరిచి, తెల్లటి నాలుకలు బయటపెట్టి హాయిగా ఊపిరి పీలుస్తున్నాయి. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున ఇసకరేణువు కూడా కనిపిస్తోంది.

"బతికినన్నాళ్ళూ పోగవుతుందన్నావు," అంది మెల్లగా. "అంటే పెద్దవాటిలో..."

మిగతాది అరుమి చెప్పాల్సిన పని లేదు. సంతలో ముక్కూ మొహం తెలియని జనానికి చిన్నవి అమ్మి, ఏరి ఏరి, మెడ దాకా మునిగి, పెద్దవి తెచ్చి కన్నకూతురికి పెట్టింది. ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు. జ్వరంతో ఉన్న రోజు కూడా దిగింది. ఇరోహ్ తొట్టి గట్టు మీద కూర్చుంది.

"లోపలున్నదానికి ఏమవుతుంది?"

"తెలీదు పిన్నీ. ఏమీ కాకపోవచ్చు. బరువు తక్కువగా పుట్టొచ్చు, మాటా చదువూ ఆలస్యం కావొచ్చు. ఎవరూ కచ్చితంగా చెప్పలేరు."

"ముందు పోయిన రెండూ?"

"తెలీదు."

"ఇప్పటిదాకా తిన్నది బయటికి తీసే మందుందా?"

"కడుపుతో ఉన్నప్పుడు అలాంటి మందు ఎవరికి పడితే వాళ్ళకివ్వరు. పెద్దాసుపత్రిలో రక్తం చూపించండి. ఇకనుంచైనా ఆపెయ్యండి. డ్యాము చేపలూ, ఆ మడి ఆకులూ కూడా వద్దు. గుడ్లు పెట్టండి, సముద్రం చేప పెట్టండి."

"తెలియదు తెలియదంటావ్, మళ్ళీ అది వద్దు ఇది వద్దంటావ్! మొన్న ఆ గిన్నె చూసినప్పుడే చెప్పి ఉంటే నిన్నా ఇవాళా అయినా మానేదిగా నా కూతురు!"

అరుమి ఏడ్చేసింది. చిన్నపిల్లలా వెక్కుతూ, ఉద్యోగం పోతుందని భయపడ్డానంది. ఈ ఊరి చేపలు ఎవరూ కొనకపోతే అందరూ తననే తిడతారని సారు అన్నారంది, క్షమించమంది. వాకిట్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఎవరైనా వస్తే ఏమనుకుంటారోనని ఇరోహ్ లేచి ఆ పిల్ల మొహం తన కొంగుతో తుడిచింది. "ఊరుకో. నువ్వు కలిపావా నీళ్ళలో? ఊరుకో," అంది. ఏడవాల్సింది తను, ఓదార్చాల్సిందీ తనే అయింది. ఆ క్షణంలో ఇరోహ్‌కి ఆ పిల్ల మీద జాలీ, చెంప పగలగొట్టాలన్నంత కోపమూ రెండూ కలిగాయి.

"రెస్తికి చెప్పాలి కదా," అంది అరుమి ముక్కు తుడుచుకుంటూ.

"నేను చెప్తా. నువ్వు నోరు విప్పకు. దాని కడుపు సంగతి నాకు తెలుసు, భయపడితే అసలుకే మోసమొస్తుంది."

*

చెప్పలేదు. అరుమి సామాను సర్దుకుని వెళ్ళిన పొద్దున, గంజి గిన్నె అందిస్తూ చెబుదామనుకుంది. రెస్తి తల్లి చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుని, "చూడు, తన్నుతున్నాడు. నీ చిప్పల బలం!" అంది. బిడ్డ మళ్ళీ తన్నింది. ఆ తన్ను తన అరచేతికి కాదు, గుండెకే తగిలింది.

పడవ దగ్గర ఒతాంగ్ వెదురు సూదితో వల కుడుతుంటే అతనికి మాత్రం చెప్పింది. అతను సూది ఆపకుండానే విన్నాడు. ముడి బిగించి, "ఇప్పుడేం చేద్దామంటావ్?" అన్నాడు. "మిల్లులు మూస్తే అల్లుడికి కూడు లేదు, మూయకపోతే మనకి లేదు. ఊళ్ళో అన్నావంటే సాయంత్రానికల్లా చేపల లారీ రావడం మానేస్తుంది. నోరు జారకు."

"నేను లారీ గురించి చెప్తున్నానా? నీ కూతురి గురించి చెప్తున్నా."

"నాకు తెలీదా?" అని అరిచాడు ఒతాంగ్. అరిచి, సూది వేలికి గుచ్చుకుని, వేలు నోట్లో పెట్టుకుని నీళ్ళవైపు తిరిగి కూర్చున్నాడు. అతని భుజాలు కదలడం చూసి ఇరోహ్ వెనక్కి వచ్చేసింది.

తొట్టిలోని చిప్పల్ని ఏం చెయ్యాలో తోచలేదు. అమ్మడానికి మనసొప్పలేదు. నేలమీద పారేసి ఎండకి చంపడానికీ చేతులు రాలేదు. ఇన్నేళ్ళుగా పట్టడమే తప్ప ఒక్కదాన్నైనా వదిలిన మనిషి కాదు. చివరికి బుట్టలు రేవు దాకా మోసుకెళ్ళి మోకాలి లోతు నీళ్ళలో కుమ్మరించింది. ఖాళీ బుట్టలు తొట్టి పక్కన బోర్లించి, గుడ్లూ, సముద్రం చేపా తెద్దామని కొండ మీది సంతకి బయల్దేరింది. రెస్తికి ఏమని చెప్పాలో దారంతా నెమరేసుకుంటూ నడిచింది. చిప్పలు దొరకడం లేదంటే సరిపోతుంది. ఈ ఏడాది నీళ్ళు బాగా తగ్గాయి, నమ్ముతుంది. రక్తపరీక్షని మంత్రసాని చేత చెప్పించాలి. బిడ్డ పుట్టాక, అన్నీ బాగుంటే, అప్పుడు నిదానంగా అన్నీ చెప్పాలి. నడుస్తుంటే మనసు కాస్త తేలికపడింది కూడా.

సంతలో సముద్రం చేప దొరికింది గానీ అంత తాజాగా లేదు. గుడ్లు మటుకు మంచివి దొరికాయి. మధ్యాహ్నం దాటి ఇంటి మలుపు తిరిగేసరికి కాతుక్ ఆకు చారు వాసన వచ్చింది. ఆ వాసన తన వంటింట్లోంచే వస్తోంది.

వంటింటి చాప మీద రెస్తి కూర్చుని తింటోంది. ఎదురుగా ఎంతిన్ కాళ్ళు చాపుకుని, చేసిన ఘనకార్యం చెప్పుకోవడానికి సిద్ధంగా ఉంది.

"ఒదినా! ఇవాళ నా జాతకం తిరిగింది! రేవులో బట్టలుతుకుతుంటే కాళ్ళకి తగిలాయి, మోకాలి లోతులో, కుప్పలు కుప్పలు! అన్నీ నువ్వేరే సైజువే! చిన్నవి నేనుంచుకుని పెద్దవన్నీ పిల్లకి తెచ్చా. విడ్డూరమేంటంటే, బురద కంపే లేదు. నీ తొట్టిలో పెట్టి తీసినట్టున్నాయి!"

"అంబూ, నువ్వు పొద్దున పెట్టలేదుగా, ప్రాణం లాగేసింది," అంది రెస్తి. గిన్నెలో ఇంకా సగం ఉంది. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి గిన్నెలో.

ఇరోహ్ గుడ్ల సంచి కింద పెట్టింది. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు లేవు. గిన్నె లాక్కోవాలి. లాక్కుంటే ఎందుకంటుంది. ఎందుకో చెబితే, ఇన్ని నెలలు తిన్నది గుర్తొస్తుంది, పోయిన రెండూ గుర్తొస్తాయి. ఆ మొహం మీద ఈ నవ్వు ఇంకెప్పటికీ ఉండదు. ఇరోహ్ కూతురి పక్కన చతికిలబడింది.

"ఇటివ్వు. నాకూ ఆకలేస్తోంది," అని గిన్నె తీసుకుంది.

చెంచా కూడా తీసుకోలేదు. చేత్తోనే మాంసం ముద్దలు ఒకదాని మీద ఒకటి నోట్లో కుక్కుకుంది. మింగకుండానే ఇంకోటి కుక్కింది. చారు గడ్డం మీదుగా మెడలోకి కారింది.

"అయ్యో, ఎవరైనా తరుముతున్నారా?" అంది ఎంతిన్.

రెస్తి మొదట తెల్లబోయింది, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. "ఎప్పుడూ పెద్దవి ముట్టేదానివి కాదు. ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని నాకే పెట్టావా అంబూ? ఎంతిన్ పిన్నీ, రేపు ఇంకాసిని తెచ్చిపెట్టు. ఇద్దరం తింటాం."

"దానికేం భాగ్యం! రేవు నిండా ఇంకా బోలెడున్నాయి," అంది ఎంతిన్. "ఇవాళ సాయంత్రమే ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పొస్తా."

వద్దు అందామని ఇరోహ్ తలెత్తింది. నోరు నిండా ఉంది.